యూనిట్ – 11: కొలిచి నింపే యంత్రం – చేతి కొలత నుంచి ప్యాకెట్ వరకు

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• ద్రవాలను మట్టం చూసి నింపడానికి, పరిమాణం కొలిచి నింపడానికి గల భేదాన్ని వివరించగలుగుతారు.
• గాజు సీసాల తయారీలో వచ్చిన మార్పు నింపే యంత్రాల చరిత్రను ఎలా ప్రభావితం చేసిందో తెలుసుకుంటారు.
• భారతదేశంలో పాల సరఫరా, ఆంధ్రప్రదేశ్‌లో సారా ప్యాకెట్ల ఉదాహరణల ద్వారా యంత్రానికీ సమాజానికీ గల సంబంధాన్ని పరిశీలించగలుగుతారు.
• కొలతపై కొనుగోలుదారుకు ఉన్న అజమాయిషీ కాలక్రమంలో ఎలా చేతులు మారిందో చర్చించగలుగుతారు.

11.1 పరిచయం

తెల్లవారుజామున మీ ఇంటికి వచ్చే అర లీటరు పాల ప్యాకెట్‌ను ఒకసారి చేతిలోకి తీసుకోండి. దానిమీద 500 మి.లీ. అని అచ్చువేసి ఉంటుంది. అందులో నిజంగా అన్ని పాలు ఉన్నాయా? మీరు ఎప్పుడూ కొలిచి ఉండరు. నేనూ చాలా ఏళ్లపాటు కొలవలేదు. కానీ మన తాతలు, ముత్తాతలు ఇలా కొలవకుండా ఒక్క గిద్దెడు నూనె కూడా కొనలేదు. కొలిచేవాడి చేతిని, కొలపాత్ర అంచును కళ్లతో చూస్తూ కొనేవారు.

అంటే మనం మన కళ్ల బదులు ఒక యంత్రాన్ని నమ్ముతున్నాం. ఒకేసారి అనేక సీసాలలో, డబ్బాలలో, సంచులలో నిర్ణీత పరిమాణంలో ద్రవాన్ని నింపే ఈ యంత్రాన్ని పారిశ్రామిక చరిత్రలు ఆవిరియంత్రంలా, రైలులా గొప్పగా చెప్పవు. అయినా మన రోజువారీ జీవితంలోకి అంతగా చొచ్చుకువచ్చిన యంత్రాలు తక్కువ. ఈ యూనిట్‌లో దాని చరిత్రను ఒకే ప్రశ్న చుట్టూ పరిశీలిద్దాం: కొలత ఎవరి చేతిలో ఉంది, దానిని సరిచూడగలిగేది ఎవరు?

11.2 చేతి కొలత: నురుగు, చేతివాటం, కొసరు

తెలుగునాట ధాన్యానికీ, ద్రవాలకూ గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం వంటి కొలతలు వాడుకలో ఉండేవి. సాధారణంగా రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. అయితే ఒక ప్రాంతపు మానిక మరో ప్రాంతపు మానికతో సమానం కాకపోవచ్చు. కాబట్టి సంతకు వెళ్లినవారు ధరతోపాటు ఏ కొలతకు ఆ ధరో కూడా అడిగేవారు.

చేతి కొలతలో మూడు విషయాలు గమనించండి. మొదటిది నురుగు. పాలను ఎత్తునుంచి పోస్తే నురుగు లేచి పాత్ర నిండినట్లు కనిపిస్తుంది. నురుగు దిగాక పాలు తక్కువవుతాయి. రెండోది చేతివాటం. పాత్రను కొంచెం వంచినా, అడుగున సొట్ట ఉన్నా కొలత తగ్గుతుంది. మూడోది కొసరు. కొలిచిన తరువాత అమ్మేవారు అదనంగా పోసే ఆ కొద్దిపాటి పాలు లేదా నూనె కేవలం ఉదారత కాదు. నురుగు వల్ల, చేతివాటం వల్ల ఏదైనా తగ్గి ఉంటే అది సరిపెట్టుకోవడానికి కొన్నవారికీ అమ్మినవారికీ మధ్య కుదిరిన ఒప్పందం అది. కొసరు అడగడానికి ఎవరూ సిగ్గుపడేవారు కాదు.

ఈ మూడూ యంత్రం వచ్చాక మాయమయ్యాయని అనుకుంటాం. అవి రూపం మార్చుకున్నాయే తప్ప మాయం కాలేదు. ఈ యూనిట్ చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

11.3 తొలి ఆలోచన: అలెగ్జాండ్రియాలోని నాణేల యంత్రం

కొలిచి పోసే పనిని మనిషి చేతినుంచి తప్పించాలన్న ఆలోచన చాలా పాతది. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో నివసించిన హీరో అనే శాస్త్రజ్ఞుడు తన ‘న్యూమాటికా’ గ్రంథంలో ఇటువంటి సాధనాన్ని వర్ణించాడు. ఆలయానికి వచ్చిన భక్తుడు పాత్ర పైనున్న సందులో నాణెం వేస్తాడు. అది లోపల ఒక మీట చివరనున్న పళ్లెంలో పడుతుంది. బరువుకు మీట వంగి కవాటం తెరుచుకుంటుంది. పవిత్రజలం బయటికి వస్తుంది. పళ్లెం బాగా వంగగానే నాణెం జారిపోతుంది. మీట పైకి లేచి కవాటం మూసుకుంటుంది.

ఇక్కడ నీటిని ఏ పాత్రతోనూ కొలవడం లేదు. కవాటం తెరిచి ఉన్న కాలమే కొలత. ఈ సూత్రాన్ని గుర్తుంచుకోండి. దాదాపు రెండు వేల ఏళ్ల తరువాత పాల ప్యాకెట్ యంత్రంలో ఇదే మళ్లీ కనిపిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. చేతి కొలతలో కొసరు పాత్ర ఏమిటి?
2. హీరో వర్ణించిన యంత్రంలో నీటి పరిమాణాన్ని నిర్ణయించేది ఏది?

11.4 సీసాయే కొలత

ఒక సీసాను మెడవరకు నింపితే ఎంత ద్రవం పడుతుంది? అన్ని సీసాలూ ఒకేలా ఉంటేనే ఈ ప్రశ్నకు ఒక్క జవాబు ఉంటుంది. చేతితో, నోటితో ఊది గాజు సీసాలు చేసినంతకాలం అది సాధ్యం కాలేదు. బయటికి రెండు సీసాలు ఒకే ఎత్తున ఉన్నా, గాజు మందంగా ఉన్నదాంట్లో తక్కువ పడుతుంది. అందుకే 17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో వైన్‌ను సీసాల లెక్కన అమ్మడంపై కట్టడి ఉండేది. వర్తకుడు పీపాలోనుంచి కొలిచి పోయాలి, సీసా కొనేవారిదే. సంపన్నులు తమ చిహ్నం ముద్రించిన సీసాలు చేయించుకునేవారు. లండన్‌లో నివసించిన శామ్యూల్ పెపిస్ తన చిహ్నం ఉన్న కొత్త సీసాలలో వైన్ నింపుతుండగా చూశానని 1663లో తన డైరీలో రాసుకున్నాడు. అప్పటికి సీసా నిలవ ఉంచుకునే పాత్ర మాత్రమే, కొలత కాదు.

19వ శతాబ్దంలో పట్టణాలు పెరిగి సోడా, బీరు, పాలు, మందులు పెద్ద ఎత్తున అమ్ముడయ్యే కాలానికి సీసాలు నింపడం పెద్ద పనిగా మారింది. అమెరికాలో 1884లో హార్వీ థాచర్ పాల సీసాను ప్రవేశపెట్టాడు. బాల్టిమోర్‌కు చెందిన విలియం పెయింటర్ 1892లో అంచులు ముడతలుగా ఉండే రేకు మూతకు పేటెంట్ పొందాడు. ఈనాటికీ మనం సోడా సీసాలపై చూసే మూత అదే. అయినా అసలు చిక్కు సీసాలోనే మిగిలింది. దానిని విడదీసినవాడు మైఖేల్ ఓవెన్స్. పదేళ్ల వయసులోనే గాజు కార్ఖానాలో పనికి చేరిన ఈయన, 1903లో అమెరికాలోని టొలీడో నగరంలో పూర్తిగా స్వయంచాలకంగా సీసాలు తయారుచేసే యంత్రాన్ని విజయవంతంగా నడిపాడు. కొలిమిలో కరిగిన గాజును పీల్చుకుని, అచ్చులో ఊది, ఒకే కొలతలున్న సీసాలను వరుసగా బయటికి పంపిన యంత్రమది. ఊదుడు పనివారి నైపుణ్యానికి గిరాకీ పడిపోయింది; వారి పక్కన చాకిరీ చేసే పిల్లల అవసరమూ తగ్గింది. ఒకే యంత్రం ఒకరి జీవనాధారాన్ని తీసేసి, మరొకరిని కొలిమి వేడినుంచి బయటపడేయగలదని ఈ ఉదాహరణ చెబుతుంది.

సీసాలు ఒకేలా వచ్చాక నింపే యంత్రం పని తేలికైంది. గురుత్వాకర్షణతో పనిచేసే సాధారణ యంత్రాన్ని ఊహించుకోండి. పైన తొట్టి, కింద వరుసగా లేదా గుండ్రంగా అనేక నాజిళ్లు. ఒక్కో నాజిల్‌లో రెండు దారులు ఉంటాయి: ఒకటి ద్రవం దిగడానికి, రెండోది సీసాలోని గాలి బయటికి పోవడానికి. సీసా పైకి లేచి నాజిల్‌కు ఆనగానే కవాటం తెరుచుకుంటుంది. ద్రవం పెరుగుతూ వచ్చి గాలి గొట్టం కొసను తాకగానే గాలి పోయే దారి మూసుకుపోతుంది, ద్రవం ఆగిపోతుంది. ఎవరూ కొలవలేదు, కానీ అన్ని సీసాలలో మట్టం సమానం. సోడా, బీరు వంటి వాయువు కలిసిన పానీయాలకు ముందుగా సీసాలో వాయువు నింపి లోపలి ఒత్తిడిని తొట్టి ఒత్తిడితో సమానం చేస్తారు. లేకపోతే పానీయం నురుగై పొంగిపోతుంది.

ఈ పద్ధతిలో యంత్రం కొలిచేది ఎత్తును మాత్రమే. పరిమాణానికి పూచీ సీసాది. కానీ గాజు పారదర్శకం కాబట్టి కొనేవారు కూడా మట్టం చూడగలరు. పక్క సీసాతో పోల్చి ‘ఇందులో తక్కువుంది, మార్చండి’ అని అడగగలరు. కన్ను ఇంకా కాపలాగానే ఉంది.

మన గోలీ సోడా ఇక్కడ గుర్తు చేసుకోదగిన ఉదాహరణ. ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ 1872లో పేటెంట్ తీసుకున్న సీసా అది. మన ఊళ్లలో సోడా బండివారు సీసాలో నీళ్లు చేతి అంచనాతో పోసి, సీసాలను చట్రంలో బిగించి, గ్యాస్ గొట్టం కలిపి, పిడి పట్టి తిప్పేవారు. లోపలి ఒత్తిడికి గోలీ మూతిలోని రబ్బరు వాషర్‌కు అతుక్కుపోతుంది. వాయువు పని యంత్రానిది, కొలత పని చేతిది. చేతికొలతకూ యంత్రానికీ మధ్య దశ ఎలా ఉంటుందో చూడాలంటే సోడా బండి దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. మట్టం చూసి నింపే పద్ధతికి ఒకే కొలతలున్న సీసాలు ఎందుకు అవసరం?
2. ఓవెన్స్ యంత్రం వల్ల శ్రామికులపై పడిన రెండు రకాల ప్రభావాలను రాయండి.

11.5 యంత్రమే కొలత: పాల ప్యాకెట్

స్వాతంత్ర్యం తరువాత మన నగరాలకు పాలు అందించడం ప్రభుత్వాల ముందున్న పెద్ద సమస్య. 1959లో మొదలైన ఢిల్లీ పాల పథకం వంటి పథకాలు గాజు సీసాలలో, అల్యూమినియం రేకు మూతలతో పాలు పంపిణీ చేశాయి. అంతకుముందే 1956 నాటి తూనికలు కొలతల ప్రమాణాల చట్టం మెట్రిక్ పద్ధతికి దారి తీసింది. శేరు, మానికల స్థానంలోకి లీటరు వచ్చింది. ఇకపై విజయవాడ లీటరు, ఢిల్లీ లీటరు ఒక్కటే.

1970లో ‘ఆపరేషన్ ఫ్లడ్’ ప్రారంభమై పల్లెల పాలను నగరాలకు కలిపింది. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడింది. పాల రాశి పెరిగేకొద్దీ గాజు సీసా భారమైంది: బరువు ఎక్కువ, పగులుతుంది, వెనక్కి తెచ్చి కడగాలి. దాని స్థానంలోకి పాలిథిన్ సంచి వచ్చింది. సంచి యంత్రం పైనున్న చుట్టనుంచి పాలిథిన్‌ను కిందికి లాగి, గొట్టంలా మడిచి, నిలువు అతుకు వేస్తుంది. అడుగున అడ్డ అతుకు పడుతుంది, పాలు దిగుతాయి, పైన మరో అడ్డ అతుకు పడి కత్తిరింపు జరుగుతుంది. ఆ పై అతుకే తరువాతి సంచికి అడుగు.

ఇక్కడ చరిత్రలో మలుపు ఉంది. సంచికి తనదంటూ ఆకారం లేదు. దానికి మెడ లేదు, మట్టం లేదు. ఇక సీసా కొలత కాలేదు. యంత్రమే కొలత కావాలి. అందుకు రెండు ప్రధాన మార్గాలు ఉన్నాయి. ఒకటి సూదిమందు సిరంజిలా ముషలకం ప్రతిసారీ ఒకే పరిమాణం లాగి వదలడం. రెండోది తొట్టిలో పాల మట్టాన్ని స్థిరంగా ఉంచి, కవాటాన్ని ప్రతిసారీ ఒకే కాలం తెరిచి ఉంచడం. రెండోది అలెగ్జాండ్రియా హీరో సూత్రమే.

చాలా ఏళ్ల క్రితం నేను విద్యార్థులతో ఒక పాల కేంద్రం చూడటానికి వెళ్లాను. యంత్రం పక్కన ఒక కార్మికుడు కాసేపటికొకసారి ఒక ప్యాకెట్ తీసి కాటాపై పెడుతున్నాడు. మావాళ్లలో ఒకమ్మాయి అడిగింది: “అన్నా, యంత్రమే కొలుస్తుంటే మళ్లీ ఈ కాటా ఎందుకు?” ఆయన నవ్వి, “యంత్రం కొలవదమ్మా, టైము చూసుకుంటుంది అంతే. తొట్టిలో నురుగు లేచిందనుకో, దానికేం తెలుస్తుంది? తెలిసేది కాటాకే” అన్నాడు. నా పాఠంలో నేను అంత సూటిగా చెప్పలేకపోయాను. నురుగు ఎక్కడికీ పోలేదు. పాలవాడి చెంబులోంచి తొట్టిలోకి వచ్చింది, అంతే.

ఇదే కాలంలో మరో మార్గం కూడా ప్రయత్నించారు. 1974లో ఢిల్లీలో ప్రారంభమైన మదర్ డెయిరీ బూత్‌లలో కొనేవారు టోకెన్ వేసి, తమ పాత్ర పెడితే, యంత్రం నిర్ణీత పరిమాణంలో పాలు పోస్తుంది. ప్యాకెట్ అక్కరలేదు, పాలు కళ్లముందే పడతాయి. యంత్రం వచ్చినంత మాత్రాన కొలత తప్పనిసరిగా మూతల వెనక్కి పోవాలని లేదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

11.6 కొలత సరైనదే, సరుకు?

పాలను నింపే యంత్రం ఏ ద్రవాన్నైనా నింపుతుంది. ఆంధ్రప్రదేశ్ చరిత్రలో దీనికి చేదు ఉదాహరణ సారా ప్యాకెట్. 1980లలో రాష్ట్రప్రభుత్వం ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్యాకెట్లలో సరఫరా చేయించింది. కుండలోని సారా కల్తీ కావచ్చు, కొలత తగ్గవచ్చు. ప్యాకెట్‌లోని సారాకు పరిమాణం నిర్ణీతం, అతుకు భద్రం. కాగితంమీద ఇది వినియోగదారుకు మేలు చేసే మార్పే. ఆచరణలో ఏం జరిగిందో ఊహించండి. పగలని, ఒలకని, జేబులో పట్టే చిన్న ప్యాకెట్‌ను మారుమూల పల్లెకు, పొలం గట్టుకు, పని చేసే చోటికి తీసుకుపోవడం తేలిక. రోజుకూలీ చేతికి రాగానే అందులోంచి ఒక ప్యాకెట్ ధర తీసివ్వడం ఇంకా తేలిక.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చి తమ కష్టాలను చర్చించుకున్న స్త్రీలు వారు. దూబగుంట రోశమ్మగా పేరుపొందిన మహిళ ఈ ఉద్యమానికి ముఖమయ్యారు. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది.

ఆ మహిళలు ప్యాకెట్‌లో సారా తగ్గిందని పోరాడలేదు. నిర్ణీత పరిమాణం ఇంటింటికీ చేరుతున్నందుకే పోరాడారు. మంచి కొలత మంచి సరుకుకు హామీ కాదు, మంచి పంపిణీకీ హామీ కాదు. సాంకేతిక చరిత్ర చదివేటప్పుడు యంత్రం ఏ పని బాగా చేస్తుందన్న ప్రశ్నతోపాటు, ఆ పని ఎవరికి కావాలన్న ప్రశ్న కూడా వేయాలి.

11.7 చట్టం, సగటు, కొత్త కొసరు

కన్ను కాపలా పోయినచోట చట్టం రావాలి. 1976 చట్టం కింద 1977లో ప్యాకేజీ సరుకుల నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం, 2011 నిబంధనలు ప్రస్తుతం అమలులో ఉన్నాయి. ప్యాకెట్‌పై నికర పరిమాణం ప్రకటించడం తప్పనిసరి. ప్రతి ప్యాకెట్ అచ్చంగా ఒకేలా ఉండడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు కాబట్టి చట్టం రెండు షరతులు పెట్టింది. ఒకటి: తనిఖీకి తీసిన నమూనాల సగటు, ప్రకటించిన పరిమాణానికి తగ్గకూడదు. రెండు: విడి ప్యాకెట్‌లో లోటు ఒక పరిమితిని మించకూడదు. 500 మి.లీ. ప్యాకెట్‌కు ఆ పరిమితి 15 మి.లీ.

సగటు తగ్గకూడదంటే కంపెనీ యంత్రాన్ని కొద్దిగా ఎక్కువకు సరిచేసుకోవాలి. యంత్రం ఎంత నిలకడగా ఉంటే ఆ అదనం అంత తగ్గుతుంది. అంటే కొసరు ఇంకా ఉంది. అది అడిగితే వచ్చేది కాదు, లెక్కగట్టి పోసేది. టీకా సీసాలలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. సిరంజిలో వృథా అయ్యేదానిని దృష్టిలో ఉంచుకుని అనేక డోసుల సీసాలో కొంత ఎక్కువ నింపుతారు. 2021 మేలో కేరళ ప్రభుత్వం తమకు లెక్కప్రకారం అందిన కోవిడ్ టీకా డోసులకంటే 87 వేలకు పైగా ఎక్కువ డోసులు వేయగలిగామని ప్రకటించింది. సీసాలోని ఆ కొసరును నర్సులు ఒక్క చుక్క వృథా చేయకుండా వాడిన ఫలితమది. యంత్రం పోసిన అదనం మనిషి చేతి నైపుణ్యంవల్లే ప్రాణరక్షణగా మారింది.

11.8 మీరు చేయదగిన పని

వంటింటి ఎలక్ట్రానిక్ కాటాతో 500 మి.లీ. పాల ప్యాకెట్‌ను తూచండి. పాలు పోసుకున్నాక ఖాళీ కవరును కడిగి, ఆరబెట్టి, తూచి ఆ బరువు తీసివేయండి. పాల సాంద్రత మి.లీ.కు సుమారు 1.03 గ్రాములు కాబట్టి 500 మి.లీ. పాలు దాదాపు 515 గ్రాములు తూగాలి. పది రోజులు తూచి సగటు కట్టండి. ఒక్క ప్యాకెట్ నాలుగైదు గ్రాములు తగ్గితే అది మోసానికి రుజువు కాదు. ఇంటి కాటాలో తేడా కూడా ఉండవచ్చు. కానీ పది రోజుల సగటు బాగా తగ్గితే మీ జిల్లా తూనికలు కొలతల అధికారిని అడిగే హక్కు మీకుంది. మన అమ్మమ్మలు కొసరు అడిగింది కూడా ఈ హక్కుతోనే.

11.9 సారాంశం

ద్రవాల కొలత మొదట చేతిలో ఉండేది. కొనేవారు దానిని చూడగలిగేవారు. ఒకే కొలతలున్న సీసాలు వచ్చాక సీసాయే కొలత అయింది. మట్టం ఇంకా కంటికి కనిపించేది. ఆకారం లేని ప్యాకెట్‌తో యంత్రమే కొలత అయింది; కంటి స్థానంలోకి చట్టం, సగటు వచ్చాయి. నురుగు, లోటు, కొసరు మూడూ కొత్త రూపాలలో కొనసాగుతున్నాయి. సారా ప్యాకెట్ల చరిత్ర సరైన కొలత ఒక్కటే సమాజానికి చాలదని చూపింది. యంత్రాన్ని నమ్మడంలో తప్పులేదు. సరిచూడటం మానేయడమే తప్పు.

11.10 కఠిన పదాల వివరణ

కవాటం: ద్రవం లేదా వాయువు ప్రవాహాన్ని తెరిచి మూసే భాగం, వాల్వ్.
ముషలకం: గొట్టంలో ముందుకు వెనుకకు కదిలే దిమ్మ, పిస్టన్.
నికర పరిమాణం: ప్యాకింగ్ పదార్థం మినహా లోపల ఉన్న సరుకు పరిమాణం.

11.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ద్రవాల కొలత చేతినుంచి సీసాకు, సీసానుంచి యంత్రానికి మారిన క్రమాన్ని వివరించండి.
2. ‘సరైన కొలత మంచి సరుకుకు హామీ కాదు’ – ఆంధ్రప్రదేశ్ సారా వ్యతిరేక ఉద్యమం ఆధారంగా చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హీరో నాణేల యంత్రానికీ పాల ప్యాకెట్ యంత్రానికీ గల పోలిక ఏమిటి?
2. ప్యాకేజీ సరుకుల తనిఖీలో సగటు ఎందుకు ముఖ్యం?
3. టోకెన్ పాల బూత్‌కూ, పాల ప్యాకెట్‌కూ కొనుగోలుదారు దృష్టిలో గల భేదాన్ని రాయండి.